నొప్పి పోయింది, జబ్బు పోలేదు

రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లవారుజామున మూలుగుతూ లేస్తాడు. కాలి బొటనవేలి మొదట్లో ఒకటే నొప్పి. వేలు ఎర్రగా కందిపోతుంది, వాచిపోతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. బెణికిందని కొందరంటారు. తేలు కుట్టిందని కొందరంటారు. దిష్టి తగిలిందని ఇంకొందరంటారు.

ఇవేవీ కాకపోవచ్చు. ఇలా వచ్చే కీళ్ళ జబ్బు ఒకటుంది. దాన్ని డాక్టర్లు గౌట్ అంటారు.

ఎందుకు వస్తుంది?

ఒంట్లో రోజూ యూరిక్ యాసిడ్ అనే మలిన పదార్థం తయారవుతుంది. మూత్రపిండాలు దాన్ని మూత్రంలో బయటికి పంపుతాయి. కొందరిలో అది సరిగా పోదు. రక్తంలో పెరుగుతుంది. ఉప్పునీళ్ళు ఎండితే అడుగున పలుకులు మిగులుతాయి కదా! అలాగే యూరిక్ యాసిడ్ కీళ్ళలో సూదుల్లాంటి పలుకులుగా పేరుకుంటుంది. వాటి వల్లనే వాపు, మంట. చీలమండకు, మోకాలికి, చేతివేళ్ళకు కూడా రావచ్చు.

ఆడవాళ్ళకు వస్తుందా?

మగవాళ్ళకు ఎక్కువ. ఆడవాళ్ళకు ముట్లు ఆగేదాకా అరుదు. ఆగిన తరువాత వాళ్ళకూ వస్తుంది. బి.పి., షుగరు, మూత్రపిండాల జబ్బు, అధిక బరువు వున్నవారు జాగ్రత్త పడాలి. మూత్రం ఎక్కువగా పోయేందుకు ఇచ్చే కొన్ని మాత్రల వల్ల కూడా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. అయినా ఆ మాత్రలు సొంతంగా మానకూడదు. డాక్టరును అడగాలి.

నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలి?

కాలు దిండు మీద ఎత్తుగా పెట్టాలి. చల్లని తడిగుడ్డ వేయాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టాలి. గట్టిగా రుద్దకూడదు. వాతలు పెట్టకూడదు. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. మందు ఎంత త్వరగా పడితే అంత బాగా పనిచేస్తుంది.

నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకూడదు. కడుపులో పుండు, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వున్నవారికి, గర్భిణీలకు అవి ప్రమాదం. జ్వరం, చలి కూడా వుంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. కీలులో చీము పట్టి వుండవచ్చు.

ఇక్కడే మోసపోతాం

మందు వేయకపోయినా వారం, రెండు వారాలలో నొప్పి తగ్గుతుంది. పసరు పనిచేసిందనుకుంటారు. జబ్బు పోయిందనుకుంటారు. కాని పలుకులు కీలులోనే వుంటాయి. నొప్పి మళ్ళీ వస్తుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే కీలు పాడవుతుంది. చర్మం కింద గడ్డలు లేస్తాయి. మూత్రపిండాలలో రాళ్ళు రావచ్చు. కూలికి పోయే మనిషి మంచాన పడితే ఇల్లు ఎట్లా గడుస్తుంది?

అందుకే నొప్పి తగ్గినా రక్తపరీక్ష చేయించాలి. నొప్పి వున్నప్పుడు చేస్తే ఒక్కోసారి యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపిస్తుంది. రెండు వారాలు ఆగి మళ్ళీ చేయించాలి.

మాటిమాటికి నొప్పి వచ్చేవారికి డాక్టరు అలోప్యూరినాల్ వంటి మాత్ర రోజూ వేసుకోమంటారు. యూరిక్ యాసిడ్ 6 కంటే తగ్గాలి. మొదటి నెలల్లో మళ్ళీ నొప్పి రావచ్చు. భయపడి మాత్ర మానకూడదు. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం ఆపి, వెంటనే డాక్టరుకు చూపించాలి.

తిండి సంగతి

సారా, బ్రాందీ, కల్లు మానాలి. బీరు మరీ చెడ్డది. కార్జం, ఎండు మెత్తళ్ళు తినకూడదు. మాంసం, చేపలు, రొయ్యలు తగ్గించాలి. తియ్యని కూల్‌డ్రింకులు వద్దు. పాలు, మజ్జిగ మంచివి.

పప్పు, పాలకూర మానాలని చాలామంది అంటారు. మానక్కరలేదు. వాటి వల్ల గౌట్ పెరగదు. అయితే పథ్యం ఒక్కటే చాలదు. మందు కూడా కావాలి. ఈ జబ్బు కొన్ని కుటుంబాలలో వంశంగా వస్తుంది. నోరు కట్టుకోలేదని రోగిని తిట్టకూడదు.

ప్రయాణంలో జాగ్రత్తలు

పెళ్ళికో, జాతరకో పోయి వచ్చాక చాలామందికి నొప్పి తిరగబెడుతుంది. విందులో మాంసం, మందు ఒక కారణం. నీళ్ళు తాగకపోవడం ఇంకో కారణం. బస్సులో మూత్రానికి ఇబ్బందని ఆడవాళ్ళు గొంతు ఎండబెట్టుకుంటారు. అది మంచిది కాదు. నీళ్ళ సీసా దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా తాగాలి. బస్సు ఆగినచోట దిగి నాలుగడుగులు వేయాలి. గుండె, మూత్రపిండాల జబ్బు వున్నవారు డాక్టరు చెప్పినన్ని నీళ్ళే తాగాలి.

రోజూ వేసుకునే మాత్ర ఊరు వెళ్ళినా మానకూడదు. మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలో వుండాలి. మాత్రల అట్ట మీద పేరు, గడువు తేదీ ఇప్పుడు మీరే చదువుకోవచ్చు. నీళ్ళు కూడా ముట్టని కటిక ఉపవాసం వద్దు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఈమధ్యే నొప్పి వచ్చి తగ్గినవారు బస్సులో కొండెక్కడం మేలు.

మాట్లాడుకోండి

1. మీ వాడలో ఇలాంటి నొప్పి ఎవరికైనా వచ్చిందా? అప్పుడు ఏం చేశారు?
2. నొప్పి తగ్గాక కూడా పరీక్ష ఎందుకు చేయించాలి?
3. ప్రయాణంలో ఆడవాళ్ళు నీళ్ళు మానకుండా వుండాలంటే మీ బస్టాండులో ఏమేం వుండాలి?