మన సంఘపు కంప్యూటరునకు మెమరీ పెంచిన వృత్తాంతము

గడచిన సార్వా ధాన్యపు కొనుగోలు దినములలో సంఘ కార్యాలయపు అరుగుమీద గంటల తరబడి కాచియుండవలసివచ్చిన సభ్యులు పలువురు మమ్ము నిష్ఠురములాడిరి. ఆ నిష్ఠురము న్యాయమైనదే. కంప్యూటరు మందగించినదని దానికి మెమరీ పెంచబూనితిమి. పెంచిన దినముననే అది బొత్తిగా లేవకపోయెను. తరువాతి అయిదు దినములలో మేము పడిన పాట్లును, నేర్చిన సంగతులును పొరుగు సంఘములకును, ఇంట కంప్యూటరు గల సభ్యులకును పనికివచ్చునని ఇచ్చట వ్రాయుచున్నాము.

1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది మొదలు నూఱేండ్లకు పైగా ఇట్టి సంఘముల లెక్కలు ఖాతా పుస్తకములలోనే నడచినవి. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో కంప్యూటరుల నెలకొల్పుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. అట్టి పథకముల క్రింద వచ్చి, హామీ గడువు తీరని యంత్రములను ఎవరును విప్పరాదు, ఇచ్చినవారికే కబురంపవలెను. మేము విప్పినది అంతకు చాల మునుపు సంఘపు సొమ్ముతో కొనిన పాత యంత్రము.

మెమరీ యననేమో ముందు చెప్పవలెను. పురిలోని ధాన్యము వేఱు, కళ్లమున పఱచిన ధాన్యము వేఱు. కంప్యూటరులోని హార్డ్‌డిస్కు పురివంటిది. కరెంటు పోయినను అందలి లెక్కలు నిలిచియుండును. మెమరీ కళ్లమువంటిది, అప్పటికి పనిలోనున్న లెక్కలను మాత్రమే యంత్రము అందు పఱచుకొనును, కరెంటు పోగానే అవి తుడిచిపెట్టుకొని పోవును. కళ్లము ఇఱుకైనచో గంపెడు తెచ్చుట, మరల పురిలో పోయుట, మరల తెచ్చుట, దీనితోనే ప్రొద్దుగ్రుంకును. మన యంత్రమున 2 జీబీల మెమరీ మాత్రమే యుండెను. మందగించిన ప్రతి యంత్రమునకును మెమరీయే మందు కాదు. టాస్క్ మేనేజరు తెఱచి, పని జరుగుచుండగా మెమరీ నిండుచున్నదో లేదో చూచిన పిమ్మటనే సొమ్ము వెచ్చించవలెను. మన యంత్రమున అది ప్రొద్దున పది గంటలకే నిండిపోవుచుండెను. కావున 4 జీబీల పలక నొకదానిని చేర్చ నిశ్చయించితిమి.

మొదటి పొరపాటు కొనుటలోనే జరిగెను. 4 జీబీల ర్యాము కావలెనని మాత్రమే చెప్పి అమలాపురములో ఒకటి కొని తెచ్చితిమి. ఈ పలకలలో తరములు కలవని మాకు తెలియలేదు. మన యంత్రము డీడీఆర్ 3 తరమునకు చెందినది. తెచ్చినది డీడీఆర్ 4. మొదటిదానికి 240 కొనలు, 1.5 వోల్టుల విద్యుత్తు; రెండవదానికి 288 కొనలు, 1.2 వోల్టులు. ఒక తరపు పలక వేఱొక తరపు గాడిలో దిగకుండ, పలక అడుగున ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క చోట గాటు పెట్టియుందురు. మా గుమాస్తా బలము చూపబోయెను గాని సమయమునకు వారింపగలిగితిమి. గాటు కుదురనిచో ఆ పలక దానికి తగదనియే యర్థము. నొక్కినచో గాడి విఱుగును. ల్యాప్‌టాపుల పలకలు పొట్టివి గనుక చూడగానే తెలియును. పెద్ద సర్వరులనుండి తీసి చౌకగా అమ్ము పలకలతోనే చిక్కు. అవి చూపునకు ఒకేతీరుగ నుండి, గాడిలో దిగియు, మామూలు యంత్రమున పనిచేయవు. పాత పలకను విప్పి, దానిమీది చీటీని చూపి కొనుట మేలు. మదర్‌బోర్డు ఒక్కొక్క గాడికి ఎన్ని జీబీలవఱకు ఒప్పుకొనునో దాని పుస్తకమున చూడవలెను.

పలకను మార్చుకొని తెచ్చి పెట్టితిమి. యంత్రపు పంకా తిరిగెను, తెర నల్లగానే యుండెను, లోపల కూతలు మొదలయ్యెను. ఆ కూతలు మెమరీ కనబడుటలేదని యంత్రము చెప్పుకొను మొఱ; ఏ కూతకు ఏ యర్థమో కంపెనీని బట్టి మాఱును. ఇట్టిచో ప్లగ్గు పూర్తిగా తీసి, పవరు మీటను కొన్ని క్షణములు నొక్కియుంచి మిగిలిన విద్యుత్తును పోగొట్టి, పెట్టెయొక్క ఇనుప భాగమును చేతితో తాకి, ఆపైన పలకను ముట్టవలెను. పలకను తీసి చూడగా ఒకవైపు క్లిప్పు మూసికొననేలేదు. రెండు కొనలను సమముగా నొక్కగా టక్కుమని మూసికొనెను. అయినను ఫలము లేదు. పాత పలక కొనలమీద మసక యేర్పడియుండెను. సముద్రపు గాలియు, వానకాలపు చెమ్మయు, కార్యాలయమున పేరుకొను ధూళియు కలిసిన చోట ఇది వింత కాదు. పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడిగుడ్డతో పొట్టు దులిపితిమి. గట్టిగా రుద్దరాదు, కొనలమీది పసిడిపూత మిక్కిలి పలుచనిది. యంత్రము లేచెను.

లేచి, క్రొత్త చిక్కు తెచ్చెను. 2 జీబీలును 4 జీబీలును కలిసి 6 కావలెను. విండోస్ 6 అని చూపుచునే, వినియోగమునకు వచ్చునవి 3.4 మాత్రమే యని ప్రక్కన వ్రాసెను. దుకాణదారు మోసగించెనని కార్యవర్గములో ఒకరిద్దరనిరి. అది అన్యాయపు మాట. మన యంత్రములోని విండోస్ 32 బిట్లది. 32 బిట్లతో వ్రాయగల చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే, అనగా 4 జీబీలకు సరి. అందులోనే బోర్డుమీది ఇతర భాగములకును తావు చూపవలెను. ఊరిలోని ఇండ్లకు రెండంకెల నంబర్లే వేయుదుమనినచో నూఱవ ఇంటికి ఉత్తరము చేరదు గదా. ప్రాసెసరు 64 బిట్లదే గనుక, లెక్కలన్నిటికి నకలు తీసి భద్రపఱచి, 64 బిట్ల విండోస్ వేయించితిమి. అప్పుడు ఆఱును కనబడెను.

ఇంతటితో పని ముగిసెనని తలంచుటయే మా పెద్ద తప్పు. మూడవ దినమున కొనుగోలు లెక్కలు మరల మొదలుపెట్టితిమి. మధ్యాహ్నమునకు ఖాతాల ప్రోగ్రాము రెండుమాఱులు తనంత తాను మూసికొనెను. అసలు లేవని మెమరీకన్న, లేచి యబద్ధమాడు మెమరీ ప్రమాదకరము. మెమరీలో అంకెలు ఒకట్లు, సున్నలుగా నుండును. 12,000 రూపాయల అంకెలో 16,384 విలువగల స్థానమునందలి సున్న చెడి ఒకటియైనచో ఆ యప్పు 28,384 అగును. లెక్క దూరపు యంత్రమున దాచబడునది గదా యని కొంద ఱందురు. టైపుచేసిన అంకె ముందు మన మెమరీ గుండనే పోవలెను. చెడిన అంకె చెడినట్లే అచ్చటికి చేరును.

అందుచే విండోస్‌తో వచ్చు మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్షను నడిపితిమి, అది దోషమున్నదనెను. రూఢి చేసికొనుటకు, పెన్‌డ్రైవునుండి నడుచు మెమ్‌టెస్ట్ 86 అను దానిని రాత్రియంతయు విడిచిపెట్టితిమి. తెల్లవారుసరికి తెరనిండ ఎఱ్ఱని వరుసలు. ఏది దోషియో తేల్చుటకు ఒక్కొక్క పలకను ఒంటరిగా, ఒకే గాడిలో పెట్టి పరీక్షింపవలెను. దోషము పలకను వెంబడించినచో పలకది, గాడిని విడువకున్నచో గాడిది. రెండును విడివిడిగ నిర్దోషులై జంటగా మాత్రమే తప్పినచో, వాని పొందిక కుదురలేదని తెలియవలెను. మనకు క్రొత్త పలకయే దోషియని తేలెను. దుకాణదారు మాఱుమాటాడక వేఱొకటి యిచ్చెను. దానిని వరుసగ రెండు రాత్రులు పరీక్షించి, ఒక్క తప్పును లేకుండుట చూచిన పిమ్మటనే లెక్కలు మొదలుపెట్టితిమి.

మూడవ దినమున ఎక్కించిన పద్దులన్నిటిని తూకపు చీటీలతోడను, చేతివ్రాత చిట్టాతోడను పోల్చి చూచుచున్నాము. ఇంతవఱకు చూచినవానిలో తేడా కనబడలేదు. చిట్టాను ఆ దినమున సగము మధ్యాహ్నమువఱకే వ్రాసితిమి, అది మా లోపము. కావున ఆనాడు మధ్యాహ్నము తరువాత రసీదు పొందిన సభ్యులు రసీదును, పంటఋణపు పాసుపుస్తకమును తీసికొని కార్యాలయమునకు వచ్చి, గుమాస్తా యెదుట అంకెలు సరిచూచుకొనవలెనని కోరుచున్నాము. రసీదు పోగొట్టుకొన్నవారు తూకపు చీటీని తెచ్చినను చాలును.