రంగు వేరైనా జాతి ఒక్కటే!

భూపాలపల్లి, మహబూబాబాద్ అడవుల్లో చెట్టు కొమ్మను లావాటి వేళ్ళతో పట్టుకుని పెరిగే మొక్కను చూశారా? వేసవిలో ఒక మొక్కకు పసుపుపచ్చ పూలు, మరో మొక్కకు గోధుమరంగు పూలు! ఇవి రెండు జాతులా? కాదు. రెండూ 'వాండా టెస్సెల్లేటా' అనే ఆర్కిడ్ పూలే. ఈ జాతిలో మొక్క మొక్కకూ రంగు మారుతుంది.

మరి గుర్తించడమెలా? రేకుల లోపలివైపు గళ్ళు, వెలుపల తెలుపు, మధ్యలో ఊదా లేక నీలిరంగు పెదవి రేకు ఉన్నాయేమో చూడండి. ఆ గళ్ళను బట్టే 1795లో రాక్స్‌బర్గ్ దీన్ని 'టెస్సెల్లేటమ్' అన్నాడు. లాటిన్‌లో 'టెస్సెల్లా' అంటే చిన్న చదరపు పలక.

బదనిక అని పిలిచినా ఇది చెట్టు రసం పీల్చదు. వేళ్ళమీది మెత్తని పొరే వాననీటిని పీల్చుకుంటుంది. కనుక చెట్టుకు చేటని పీకకండి. బొమ్మ గీసుకుని, రంగు రాసుకోండి!