ఇనామా? కూలియా?

కాజీపేట స్టేషనులో మన పెట్టెను తలపై నెత్తుకొని వచ్చిన ఎఱ్ఱచొక్కా కూలివానికి మన మిచ్చున దేమి? అతని శ్రమకు తగిన కూలి. అతని మంచితనమునకు సంతోషించి పైన మఱి పది రూపాయ లిచ్చితిమేని అది ఇనాము. కూలి అతని హక్కు. ఇనాము మన యిష్టము. ఈ భేదము మన యూర పసివానికిని తెలియును. అయినను సముద్రము దాటిన పిమ్మట ఈ తెలివి చాలదు. ఏలయన, కొన్ని దేశములలో కూలియే ఇనాము వేషము వేసికొని యుండును. కొన్నింట ఇనాము బిల్లులోనే చేరియుండును. మఱికొన్నింట ఇచ్చుటయే మర్యాద కాదు. వరంగల్లు, హనుమకొండల నుండి చదువునకును కొలువునకును విదేశములకు పోవు యువకులు పెక్కురు గనుక, ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పాఠశాలలో చదివి, పైచదువునకై అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు పోయిన పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చినప్పుడు మాతో ఒక సంగతి చెప్పెను. అతడును మువ్వురు మిత్రులును ఒక భోజనశాలలో 40 డాలర్లకు భుజించి, బల్లపై ఒక డాలరు నుంచి లేచిరి. డాలరనగా 80 రూపాయలకు మించును గదా, ఇంతకంటె నేమి కావలెనని వారి తలంపు. వడ్డించిన స్త్రీ వాకిలివఱకు వచ్చి, "అయ్యా, నా వడ్డనలో లోపమేమైన కలదా?" అని మెల్లగా నడిగెను. ఆ ప్రశ్నకు అర్థము వారికి ఆనాడు తెలియలేదు. తెలిసిన పిమ్మట సిగ్గుపడి, మఱుసటి వారము మరల పోయి ఆమెకు ముట్టవలసినది ముట్టజెప్పిరట.

వారికి తెలియనిది ఇది. అమెరికా కేంద్రచట్టము ప్రకారము కనీసవేతనము 2009 నుండి గంటకు 7.25 డాలర్లు. కాని టిప్పు లభించు పనివారికి యజమాని తన చేతినుండి గంటకు 2.13 డాలర్లు మాత్రమే ఇచ్చిన చాలును. ఈ మొత్తము 1991 నుండి మారలేదు. టిప్పులతో కలిపినను 7.25 కాకున్నచో కొఱతను యజమానియే పూరింపవలెను. కాలిఫోర్నియా, వాషింగ్టను మున్నగు కొన్ని రాష్ట్రములలో యజమాని పూర్తి కనీసవేతన మీయవలసినదే; టెక్సాసులో అట్లు కాదు. కావున అచ్చట బిల్లుపై నూటికి 15 మొదలు 20 వఱకు ఇచ్చుట వాడుక. 40 డాలర్లకు 6 మొదలు 8 డాలర్లన్నమాట. అది దానము కాదు. పనిచేసినవారి జీతములో భాగము.

ఈ యాచారము వెనుక చేదు చరిత్రయు కలదు. 1865లో బానిసత్వము రద్దయిన పిమ్మట, పుల్‌మన్ కంపెనీవారు తమ శయన రైలుపెట్టెలలో సేవకులుగా నల్లజాతివారిని చేర్చుకొని, స్వల్పజీత మిచ్చి, తక్కినది ప్రయాణికుల టిప్పులకు విడిచిరి. ఆ సేవకులు 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫు నాయకత్వమున సంఘముగా నేర్పడి, పండ్రెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందము సాధించిరి. వారు కోరినది దయ కాదు, జీతము.

ఇతర దేశముల రీతి వేఱు. ఫ్రాన్సులో సేవకు తగిన రుసుము భోజనపు ధరలోనే చేరియుండును. పైన చిల్లర విడిచిన విడువవచ్చును, లేకున్న తప్పు లేదు. సింగపూరులో అనేక భోజనశాలలు నూటికి 10 సర్వీసుచార్జి బిల్లులోనే వేయును. జపానులో టిప్పు వాడుకలో లేదు. బల్లపై విడిచిన సొమ్మును మఱచిపోతిరని తలచి వెంటవచ్చి యిత్తురు. బ్రిటనులో 2024 అక్టోబరు 1 నుండి అమలులోనున్న చట్టము, టిప్పులును సర్వీసుచార్జియు పూర్తిగా పనివారికే చేరవలెనని శాసించుచున్నది.

మన దేశమున సర్వీసుచార్జి ప్రభుత్వపు పన్నని భ్రమపడువారు పలువురు. అది జీఎస్టీ కాదు. హోటళ్లు దానిని బిల్లులో తమంతట తాముగా చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఆదేశించెను. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ యాదేశమును సమర్థించెను. సంతోషించి యిచ్చుట మన వంతు. బలవంతముగా రాబట్టుట న్యాయము కాదు.

కావున విదేశమునకు పోవు మన విద్యార్థులు మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. బిల్లును తుదివఱకు చదివి సర్వీసుచార్జి చేరినదో లేదో చూడుడు. చేరినచో రెండుమాఱు లీయ నవసరము లేదు. సొమ్మును రూపాయలలోనికి మార్చి లెక్కింపకుడు. పనివారు ఇంటి అద్దె కట్టునది డాలర్లలోనే గదా. టిప్పు ఇచ్చుటకు శక్తి చాలని దినమున, వడ్డించువారు లేని చోట భుజింపుడు.

మన యింట శుభకార్యమునకు డప్పు వాయించినవారికి ఈయవలసినది ఈయక పంపుట ఇంటికి అప్రతిష్ఠ. బల్లయొద్ద నిలిచి మనకు వడ్డించినవారు ఏ దేశమువారైనను ఆ మర్యాదకు పాత్రులే.