బట్టమేక పిట్టయు మన బీడు భూములును



నంద్యాల జిల్లాలోని రోళ్లపాటి బయలు నెఱిగిన పెద్దలు బట్టమేక పిట్టను మఱచియుండరు. గజమెత్తు నిలుచు పక్షి. పోతు 15 కిలోల వఱకు తూగును. దాని రక్షణకై 1988లో అచ్చట 6.14 చదరపు కిలోమీటర్ల నేలను అభయారణ్యముగా నేర్పఱచిరి. అయినను నేడు అచ్చట దాని జాడ దాదాపు లేదు. దేశమంతటను 150కి లోపుగానే మిగిలినవి. వానిలో పెక్కు రాజస్థానపు జైసల్మేరు ప్రాంతమున నున్నవి.

ఈ క్షీణతకు వేట యొకటే కారణము కాదు. సేద్యమున వచ్చిన మార్పును కారణమే. ఈ పిట్ట గూడు కట్టదు. వానకాలమున బోసినేలపై సాధారణముగా ఒక్కటే గ్రుడ్డు పెట్టును. పెట్ట దానిని సుమారు 27 దినములు పొదుగును. ఆ గ్రుడ్డు కుక్క నోట బడినను, నాగటి చాలున బడినను ఆ యేటి సంతానము పోయినట్లే.

పూర్వము మెట్ట జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ చేల నడుమ బీళ్లుండెడివి. పిట్ట చేలలో మిడుతలను, పెంకుపురుగులను, రాలిన కాయలను మేసి, బీటిలో గ్రుడ్డు పెట్టెడిది. పిమ్మట కాలువ నీరు వచ్చెను, బీళ్లు దున్నబడెను, ప్రత్తి, ప్రొద్దుతిరుగుడు హెచ్చెను. దూరము కనబడిననే గాని యీ పక్షి నిర్భయముగా నుండదు. దట్టమైన యెత్తు పైరు దానికి తగదు. పురుగుమందు దాని పిల్లల మేతను హరించును. ఎగురునపుడు ఎదుటి వస్తువును చక్కగా చూడలేనందున విద్యుత్తు తీగలకు తగిలి చచ్చుటయు గలదు.

బీడు వ్యర్థమనియు, దున్నుడనియు గ్రామముల దిరిగి బోధించినవారిలో మేమును గలము. ఆ మాట సగమే నిజమని యిపుడు తెలిసికొంటిమి. బీడు పసులకు మేత, నేలకు విశ్రాంతి, పిట్టకు పురుడిల్లు.

రైతుల మొఱయు న్యాయమైనదే. రోళ్లపాటి చెంత కృష్ణజింకలు పెరిగి పైరు మేసినవి; ఆ నష్టము పేదవాని పాలబడినది. పిట్టను కాచుట రైతు నోటి ముద్ద తీయుట కారాదు.

కావున అందఱకు సాధ్యమగు పనులనే చెప్పుచున్నాము. మెట్టలో కొంత జొన్న, కొఱ్ఱ నిలుపుడు. పురుగు నష్టపు హద్దు దాటినగాని మందు చల్లకుడు. ఊరి గడ్డిబయలును వానకాలమున దున్నక, కుక్కలను విడువక కాపాడుడు. నేలపై గ్రుడ్డు కనబడిన ముట్టక, చుట్టును కొంత నేల విడిచి, అటవీశాఖవారికి తెలుపుడు. ఒక్కని బీడు చాలదు. పదిమంది బీళ్లు కలిసిననే బయలగును. కలిసి పనిచేయుట మన సంఘమునకు క్రొత్త గాదు. రాబోవు సమావేశమున సభ్యు లీ విషయము యోచింతురు గాక.