బేస్ గిటారు మ్రోత – మీటే వ్రేళ్లు, ఒక స్పాంజి ముక్క

మామిడికుదురు మొదలుకొని రాజోలు, అమలాపురం వరకు మన కోనసీమ సంఘాలలో హార్మోనియం, డోలక్‌ల ప్రక్కకు బేస్ గిటారు వస్తే ఒక చిక్కు కూడ వెంట వస్తుంది. రేకుల కప్పు మందిరమంతా ఆ మ్రోతతో నిండిపోయి, వెనుక చాపల మీద కూర్చున్న తల్లులకు కీర్తనలోని మాటలు వినబడవు. పెద్దలు ఆ వాయిద్యమే వద్దంటారు. యౌవనస్థులు ఇంకా ఖరీదైనది కొందామంటారు. ఈ రెండింటికంటె ముందు, ఉన్న గిటారునే కొంచెం సవరించి చూడవచ్చును.

బేస్ గిటారులో అన్నిటికంటె లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఒకసారి మీటితే చాలాసేపు మ్రోగుతుంది. చిక్కంతా అక్కడే. బ్రిడ్జి దగ్గర తీగల క్రింద మెత్తని స్పాంజి ముక్క పెడితే స్వరం 'ధుమ్' అని పలికి త్వరగా ఆగుతుంది. ఇది క్రొత్త ఉపాయం కాదు. 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చిన లియో ఫెండర్ కంపెనీవారే బ్రిడ్జి మూత క్రింద స్పాంజి పెట్టేవారు. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ దానిని తీయలేదు. ఆయన నున్నని చుట్టు గల తీగలు వాడి, కుడి చేతి చూపుడు వ్రేలొక్కటితోనే మీటేవాడు. అయితే స్పాంజి పెట్టిన తరువాత మెల్లగా తాకితే స్వరం చచ్చిపోతుంది. ప్రతి స్వరాన్ని స్పష్టంగా, తాళానికి సరిగా మీటాలి. సాగదీసి కప్పిపుచ్చుకోవడం కుదరదు!

ఇక తీగల ఎత్తు. మన ప్రాంతపు తేమగాలికి చెక్క నెక్ వంగి తీగలు పైకి లేవవచ్చు. అప్పుడు గట్టిగా నొక్కి, గట్టిగా లాగి మీటవలసి వస్తుంది. నేర్చుకొనే పిల్లల వ్రేళ్లు పొక్కుతాయి. నెక్ లోపలి కడ్డీని తెలిసినవారిచేత పావు చుట్టుకు మించకుండా త్రిప్పించి చూడాలి. తీగలు దిగితే చేయి కూడ మెత్తబడాలి, లేకపోతే అవి మెట్లకు తగిలి గరగరమంటాయి. మెల్లగా మీటి, చాలని శబ్దాన్ని ఆంప్లిఫైయరుతో పెంచుకోవడమే మేలు.

బొటనవ్రేలు ఆనించుకొనే చిన్న చెక్కను ఎక్కడ బిగించామో దానినిబట్టి కూడ నాదం మారుతుంది. నెక్ వైపు మీటితే గుండ్రని, మెత్తని నాదం. బ్రిడ్జి వైపు మీటితే తీగ బిగువుగా ఉండి పదునైన నాదం వస్తుంది. మాటలు ముఖ్యమైన కీర్తనలకు ఆ రెంటి మధ్య చోటు నాకు నచ్చుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే సర్క్యూట్ల సంగతి చివరకు చూసుకోవచ్చు.

కొందరు జాకో పాస్టోరియస్‌లాగ మెట్లు లేని బేస్ కావాలంటారు. గమకాలకు అది అందంగానే ఉంటుంది గాని, వ్రేలు వెంట్రుకవాసి తప్పినా శ్రుతి తప్పుతుంది. తీసిన మెట్లను తిరిగి వేయించడం తేలిక కాదు.

ముందు స్పాంజితో మొదలుపెట్టండి. వాయించిన తరువాత తీగల చెమటను పొడిగుడ్డతో తుడవండి, ఉప్పుగాలికి అవి త్వరగా తుప్పు పడతాయి. సాధన వేళ ఒక పెద్దమ్మగారిని వెనుక చాప మీద కూర్చుండబెట్టి, ఆమెకు పాట మాటలు తెలిసేవరకు స్పాంజిని అటూ ఇటూ జరిపి చూడండి.