కానరాని వర్తకుని నమ్ముట యెట్లు?

పాపాఘ్ని నది పెన్నలో గలియు చోటికి చేరువనున్న కమలాపురమునందు, మంచి చీర కొనవలయునన్న గృహిణులు ప్రొద్దుటూరికో కడపకో పోవుట చిరకాలపు వాడుక. అంగడిలో చీర మడత విప్పించి, వెలుగులోనికి దెచ్చి, కొంగు తిరుగవేసి చూచి, వెంట వచ్చిన పిన్నమ్మయో వదినెయో తల యూపిన పిమ్మటనే సంచిలోని రూకలు బయటికి వచ్చెడివి. నేడా యంగడి సెల్‌ఫోనులోనికి వచ్చి కూర్చున్నది. మధ్యాహ్నము వంటపని ముగిసి యిల్లు సద్దుమణిగిన వేళ, ఫేసుబుక్కునందో యూట్యూబునందో యొక వర్తకురాలు ప్రత్యక్షమై, చీర వెంబడి చీరను భుజముపై వైచి చూపును. ముందుగా "బుక్డ్" అని వ్రాసినవారికి కొన్ని దక్కును. మఱికొన్నిటికి తక్కువ వెలతో మొదలిడి పాట పెంచుదురు. చేతితో తాకుటకు వీలు లేదు. వర్తకురాలి యూరు తెలియదు. ఆలోచించుటకు నిమిషమైన వ్యవధి లేదు. ఇట్టి బేరములో నెవరిని నమ్మవచ్చును?

వేలంపాట మన కేమియు క్రొత్త కాదు. కడప మార్కెట్టు యార్డులో పసుపు రాసులకు వర్తకులు పోటీపడి వెల కట్టుదురు. వీధిలోని యాడువారు నెలనెల చీటీపాటకు కూర్చుందురు. చీటి నడుపు నామెను మన మేల నమ్ముచున్నాము? ఆమె మాట తియ్యన గనుకనా? కాదు. ఆమె యిల్లు మన వీధిలోనే యున్నది. ఆమె బిడ్డల పెండ్లికి మనమే పోవలయును. పదిమంది సొమ్ము మ్రింగినచో నామె యా యూర తలయెత్తుకొని తిరుగజాలదు. అట్లుండియు చీటీ సొమ్ముతో పరారియైనవారు లేకపోలేదు గాని, వారును ఇల్లు వాకిలి విడిచియే పోవలసి వచ్చినది. కావున కానరాని వర్తకుని విషయమున మొట్టమొదట వేసికొనదగిన ప్రశ్న యొక్కటే: ఇతడు నన్ను మోసగించినచో నితనికి పోవునదేమి? ఏమియు పోదని తోచినపుడు, చీర యెంత యందముగా నున్నను మేమైతే ఫోను ప్రక్కన బెట్టుదుము.

ఈ చిక్కును మొదట నెదుర్కొన్నది మనము గాము. అమెరికాలో పియెర్ ఒమిడ్యార్ అను నతడు 1995లో ఈబే యను వేలంపాటల యంగడిని తెఱచెను. ఒకరి మొగ మొకరెఱుగని లక్షలాది జనుల మధ్య నమ్మకము కుదుర్చుటకై, బేరము ముగిసిన పిమ్మట కొన్నవారు వర్తకుని గూర్చి తమ యభిప్రాయమును వ్రాయు నేర్పాటు 1996లో వచ్చినది. నేడు ప్రతి యంగడిలోను గన్పించు నక్షత్రపు గుర్తుల కదియే పూర్వరూపము. పేరునకు నిజముగా విలువ గలదా యని కొందఱు పండితులు పరీక్షించిరి. పాత పోస్టుకార్డు లమ్ము ఒక వర్తకునిచే, ఒకే తీరు సరకును, కొంత యతని పాత పేరుతోను కొంత సరిక్రొత్త పేర్లతోను అమ్మించిరి. 2006లో ప్రకటింపబడిన యా పరిశోధనలో, పాత పేరునకు జనులు నూటికి ఎనిమిది వంతులు హెచ్చుగా నిచ్చుటకు సిద్ధపడిరని తేలినది. మన దేశమున 2000లో వెలసిన బాజీ డాట్ కామ్ అను నట్టి యంగడినే ఈబే 2004లో కొనెను. ఆ శాఖ 2018లో మూతపడినది గాని, నక్షత్రములు మాత్రము నిలిచినవి.

పేరునకు వెల యున్నచోట దొంగపేరును పుట్టును గదా! ఇందులో నొక పన్నుగడను తెలిసికొనుట యవసరము. ఒకడు గరిటెలు, పిన్నీసులు, జడపట్టీలు వంటి స్వల్పవస్తువులను నెలల తరబడి చక్కగా నమ్మి, వందలకొలది మెప్పులు సంపాదించును. ఒకనాడు హఠాత్తుగా పట్టుచీరలో, సెల్‌ఫోనులో అమ్మకమునకు బెట్టి, సొమ్ము చేజిక్కగానే మాయమగును. కావున మెప్పు లెన్ని యున్నవో చూచుట చాలదు. ఏ వస్తువునకు, ఎన్ని నాళ్ళుగా వచ్చినవో చూడవలయును. ఒకే వారములో, ఒకే మాటలతో కుప్పగా బడిన ప్రశంసలు ఇంటివారు వ్రాసినవై యుండవచ్చును. మేము మాత్రము అయిదు నక్షత్రముల వారిని దాటిపోయి మూడు నక్షత్రము లిచ్చినవారి మాటలు చదువుదుము. "రంగు బాగున్నది, పది దినములు ఆలసించినది, రవికగుడ్డ చిన్నది" అని వ్రాసినామె చీర కట్టినామె యని నమ్మవచ్చును. పాటలోను ఇట్టిదే కలదు. వర్తకుని మనుష్యులే మఱియొక పేరుతో వెల పెంచుచుందురు. కావున పాట మొదలు కాకమునుపే, ఇంతకు మించి పోనని కాగితముపై నొక యంకె వ్రాసికొనవలయును.

ఇక సొమ్ము చెల్లించు పద్ధతి. పెద్ద యంగళ్ళ ద్వారా కొన్నపుడు, సరకు బాగుండనిచో తిరిగి యిచ్చుటకును సొమ్ము రాబట్టుటకును నడుమ నొక మధ్యవర్తి యుండును. "ఆ యంగడిలో వలదు, నాకు నేరుగా ఫోనుపే చేయుడు, రెండువందలు తగ్గింతును" అని వర్తకుడు వాట్సాపునకు పిలిచినపుడు, ఆ రెండువందలకు మన మమ్ముకొనునది యా మధ్యవర్తినే. సరకు చేతి కందినపుడు రొక్కమిచ్చుట మేలేగాని, పొట్లము విప్పకమున్నే సొమ్మడుగుదురు గనుక అదియు సంపూర్ణరక్షణ కాదు. మఱియొక మాట: మనకు రావలసిన సొమ్మును పొందుటకు యూపీఐ పిన్ ఎన్నడును అవసరము లేదు. "సొమ్ము వాపసు చేయుచున్నాము, ఈ గుర్తును స్కాను చేసి పిన్ నొక్కుడు" అన్నవాడు దొంగ, సందేహింప బనిలేదు.

కమలాపురములో నొక గృహిణి కుట్టుపనిపై కూడబెట్టిన 4,500 రూపాయలు పంపినదనుకొందము. పట్టని చూపిన చీర యింటికి వచ్చి చూడగా పాలియెస్టరు. కొసన నొక పోగు లాగి కాల్చినచో పట్టు వెండ్రుకలు కాలిన వాసన వేసి, బూడిద నలిపిన పొడియగును. ఇదియో కరగి గట్టిపూసయైనది. వర్తకున కామె వ్రాసిన జాబు చేరనే లేదు. అప్పటికే యామె పేరు అడ్డగింపబడినది. అపుడామె యేమి చేయును? చాలమంది యేమియు చేయరు. ఇంట మాట పడవలసి వచ్చునని చీరను బీరువా యడుగున దాచుదురు. సోదరీమణులారా, మోసగాని కసలైన పెట్టుబడి యీ మౌనమే. భర్తలును అత్తలును "నీ కెందుకీ ఫోను కొనుగోళ్ళు" అని యెత్తిపొడుచునంతకాలము ఆ పెట్టుబడికి వడ్డీ పెరుగుచునే యుండును.

చట్టము మన ప్రక్కనే యున్నది. వినియోగదారుల రక్షణచట్టము 2019లో వచ్చి, 2020 జూలైలో అమలైనది. ఆ నెలలోనే ఆన్‌లైను వ్యాపారమునకు వేఱు నియమములు వెలువడినవి. వర్తకుని పేరు, విలాసము అంగడివారు చూపవలయును. ఫిర్యాదు ముట్టినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలయును. వర్తకుడే కొన్నవానివలె నటించి మెప్పులు వ్రాయరాదు. చూపినదొకటి పంపినదొకటి యైనపుడు "వాపసు లేదు" అను మాట చెల్లదు. అన్నిటికంటె ముఖ్యమైనది: వర్తకుడు సూరతులో నున్నను, కొన్నామె తాను నివసించు జిల్లాలోనే, అనగా కడప వినియోగదారుల కమీషనులోనే వ్యాజ్యము వేయవచ్చును. అయిదు లక్షల రూపాయల వఱకు రుసుము లేదు. సలహాకు 1915కు ఫోను చేయవచ్చును. సొమ్మే దోచుకొనబడినచో ఆ గంటలోనే 1930కి తెలుపవలయును. జాగు చేసినకొలది సొమ్ము చేతులు మారిపోవును.

బంగారపు మాట వేఱు. ప్రొద్దుటూరి పసిడియంగడికి పోయి తూచి కొనగలిగినవారు ఫోనులో నేల కొనవలయునో మాకు బోధపడదు. కొన్నచో నగపై నుండు ఆరు అక్షరముల హాల్‌మార్కు సంఖ్యను బీఐఎస్ కేర్ యను యాప్‌లో సరిచూచుకొనవలయును.

ఇంతగా హెచ్చరించినచో అందఱిని దొంగలుగా జూచుట యగునా యని శంకింపవచ్చును. సిద్ధవటము సమీపమున మాధవరములో మగ్గములు గలవు. అచ్చటి నేతగాని యిల్లాలు దళారిని తప్పించుకొని తానే ఫోనులో చీర లమ్మ మొదలిడినచో, మొదటినాడామెకు నక్షత్రము లెక్కడివి? మెప్పులు లేవని యామెను త్రోసిపుచ్చి, కుప్పగా మెప్పులు కొన్నవానిని నమ్ముట న్యాయము కాదు. ఇట్టివారి వద్ద మొదట చిన్నవస్తువు నొకదానిని కొనుడు. మీ పేరు, నాటి తేది వ్రాసిన చీటిని చీరపై నుంచి ఫొటో పంపుమని యడుగుడు. ఇతరుల ఫొటో దొంగిలించినవాడు ఆ పని చేయలేడు. చీర వెనుకవైపు చూపుమనుడు. పట్టన్నచో సిల్కుమార్కు, చేనేత యన్నచో హ్యాండ్లూమ్ మార్కు గలదాయని విచారింపుడు. మగ్గము గలామె యీ ప్రశ్నలకు విసుగుకొనదు. అంచున నొకచోట పోగు తెగినదని తానే చెప్పినను చెప్పును.

పొట్లము విప్పునపుడు మొదటినుండి వీడియో తీయుట మఱువకుడు. చీర బాగున్నచో, మాధవరము యిల్లాలి పేట నాలుగు పంక్తులు వ్రాయుడు: ఎన్ని దినములకు వచ్చినది, ఒక ఉతుకునకు రంగు నిలిచినదా, ఫొటోలోకంటె ముదురుగా నున్నదా. తరువాతి కొనుగోలుదారు చదువునది యా మాటలనే.