క్వారీ చెంత నెండిన బావి: బాధ్యత యెవ్వరిది?

పొలమున నొక పంట పోయినచో మరుసటి యేట నాశ యుండును. ఇంటిబావి యెండినచో నాటికి నాడే గృహస్థునకు దిక్కు తోచదు. రాతిక్వారీలు పెరిగిన గ్రామములం దీ కష్టము తరచుగా వినవచ్చుచున్నది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి దేశదేశములకు పోవుచున్నది. కరీంనగరము ప్రాంతపు గ్రానైటు గుట్టలు నానాటికి తరుగుచున్నవి. ఈ పనులవలన ననేకులకు కూలి దొరకుచున్న మాట నిజమే. అయినను బావి యెండినప్పుడు జవాబుదారి యెవ్వరను ప్రశ్నను కోపముతో గాక విచారణతో పరిశీలింపవలెను.

మొదట నీరు పోవు త్రోవ తెలిసికొందము. గ్రానైటు రాతిలో నీరు నిలుచు చోటు స్వల్పము. పైని శిథిలమైన పొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే నీరుండును. క్వారీగుంట బావినీటి మట్టముకంటె లోతునకు దిగినప్పు డా పగుళ్లలోని నీరు గుంటలోనికి ఊరును. పని సాగుటకై యజమాని దానిని యంత్రముతో తోడించి బయట పోయించును. అంతట నా గుంటయే యొక పెద్ద బావియై చుట్టునున్న చిన్న బావుల నీటిని లాగుకొనును.

అయితే యెండిన ప్రతి బావికిని క్వారీయే కారణమనుట న్యాయము కాదు. వానలు తప్పుట యొక కారణము. మన బోరుబావులు మఱియొకటి. త్రాగునీటి వనరుల చెంత క్రొత్త బావుల త్రవ్వకమును 2002 నాటి వాల్టా చట్టము కట్టడి చేసినది. దానిని మనమే మీరి, నేరమంతయు పొరుగువానిపై మోపినచో నెవ్వరు విశ్వసింతురు?

పూర్వపు న్యాయము బావి యజమానికి తోడు రాలేదు. 1843లో ఇంగ్లండున బొగ్గుగనుల త్రవ్వకముచే నొక నూలుమిల్లు బావి యెండగా, తన భూమిలో త్రవ్వుకొనినవానిపై దావా చెల్లదని తీర్పు వచ్చెను. 1882 నాటి మన ఈజుమెంట్ల చట్టమును నిర్దిష్టమైన కాలువగా పారని భూగర్భజలమును తన హద్దులలో సేకరించుకొను హక్కు భూస్వామికి కలదని చెప్పుచున్నది. కాని కాలము మారినది. 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల వ్యాజ్యమున సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రము దేశపు చట్టములో భాగమనియు, తన పనివలన ప్రకృతికి హాని లేదని చూపు భారము పరిశ్రమ యజమానిదేయనియు చెప్పెను. అయిదు హెక్టారులకు తక్కువైన చిన్న ఖనిజముల లీజులకును పర్యావరణానుమతి కావలెనని 2012లో ఆజ్ఞాపించెను. 2010 చట్టముచే నేర్పడిన జాతీయ హరిత న్యాయాధికరణమునందు నష్టపరిహారము కోరవచ్చును. కారణము మొదట పుట్టిన నాటినుండి అయిదేండ్లలోపల దరఖాస్తు చేయవలెను. జాగు చేసినవాని హక్కు జారిపోవును.

భారము యజమానిదైనను మన చేతిలో లెక్క లేనిదే వాదము నిలువదు. కావున సహకార సంఘములు ఒక పుస్తకము పెట్టవలెను. వారమున కొకసారి ఉదయము నీరు తోడకముందు, ముళ్లువేసిన త్రాటితో బావుల మట్టము కొలిచి తేదీతో వ్రాయవలెను. క్వారీకి దగ్గరివానిని, దూరపువానిని రెంటిని కొలువవలెను. వర్షపు లెక్కను ప్రక్కనే వ్రాయవలెను. ఒకే వానకు దూరపు బావి నిండి దగ్గరి బావి నిండకున్నను, క్వారీ యంత్రములు ఆగిన దినములలో మట్టము పెరిగినను, అది బలమైన సాక్ష్యము. క్వారీ అనుమతి షరతులను 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కోరవచ్చును.

విచారణ తేలువరకు దాహ మాగదు. 2015 సవరణచే నేర్పడిన జిల్లా ఖనిజ నిధిలో త్రాగునీటికి ప్రాధాన్యము కలదు. ఆ నిధినుండి నీటి వసతికై సంఘముగా నర్జీ పెట్టుట మన కర్తవ్యము. ఒక్క యింటివాని మొరకంటె పదిమంది సంతకములు పెట్టిన లెక్కపుస్తకము గట్టిగా పలుకును. బావిలో నీరున్ననాడే ఆ పుస్తకము తెరువుడు.